కింది నుంచి కోసిన కవిత

అనంతపురంలో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో నేను సబ్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు వారానికొకసారి అర పేజీ కవిత్వం వేసేవాళ్ళం. ఆ అర పేజీ నా చేతికి రావడానికి నాకు కవిత్వం తెలుసన్నది కారణం కాదు. అంతకుముందు చూసే ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆయన కుర్చీ నా కుర్చీ పక్కనే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. వరుసగా వానలు లేవు. అలాంటి ఏళ్ళలో మా జిల్లాలో చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండదు, కవిత్వం పండుతుంది. రోజూ కవర్లు వచ్చేవి. ప్రతి కవితలోనూ నేల నెర్రెలు విచ్చేది. ఆ నెర్రెలు అమ్మ మడమల్లా ఉండేవి, లేకపోతే అవ్వ ముఖం మీది ముడతల్లా ఉండేవి. మూడో రకం నెర్రెలు నేను చూడలేదు. మేఘం ఎప్పుడూ ఓట్లు అడిగి కనబడకుండా పోయిన నాయకుడే. నాయకుడు మేఘమైన కవిత కూడా ఒకటి వచ్చింది, ఆ వారానికి అదే కొత్తదనం.

ఇన్ని కవర్లు చదివే తీరిక లేక ఒక పద్ధతి పెట్టుకున్నాను. కవర్ చింపగానే నెర్రెలు ఎన్నో వరుసలో వచ్చాయో చూసేవాణ్ణి. ఐదో వరుస దాటినా రాకపోతే మిగతాది చదివేవాణ్ణి.

ఆ పద్ధతిలో మిగిలిన కవిత ఒకటి ఉంది. దాన్ని రాసినాయన హిందూపురం అవతల ఒక చిన్న ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచరు. పుట్టిందీ ఆ ఊళ్ళోనే, ఉద్యోగమూ అక్కడే. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండేవి, ఒకటి హాజరు పట్టీకి, రెండోది కవిత్వానికి. పోస్టు మీద నమ్మకం లేక కవితను బస్సెక్కి తనే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పెట్టి పోకుండా ఎదురుగా కూర్చున్నాడు. కాబట్టి ఆయన ముందే చదవాల్సి వచ్చింది.

ఎద్దుల్ని అమ్మి వచ్చిన ఒక రైతు మాట్లాడుతున్నట్టుగా ఉంది. నెర్రెలు లేవు. మా వైపు సంతలో ఎద్దుల్ని అమ్మినవాడు పలుపు ఇవ్వడు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. అమ్మినవాడు తన పలుపు విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. టీచరు వీధిలోనే ఉండే ఒక ముసలి రైతు అలా రెండు పలుపులు భుజాన వేసుకుని, బస్సు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచిపోవడం ఈయన స్కూలు వసారాలోంచి చూశాడట.

"మీకు ఎద్దులున్నాయా సార్?" అని అడిగాను.

"నాకు యాడివన్నా. సైకిలుండాది."

"మరి 'అమ్మి వచ్చాను' అని రాశారు."

"పద్యంలో నేను అంటే నేను కాదు కదన్నా. ఆయప్ప నోరు తెరిచి చెప్పేవాడు కాదు. ఆయప్ప గొంతుతో నేను చెప్తాండా. 'ఫలానా రైతు అమ్మినాడు' అంటే మీ వార్తయిపోతాది. 'నేను అమ్మినా' అంటే ఆ పలుపు చదివేవాని భుజం మీదికి వస్తాది."

మా పనిలో దీనికి సరిగ్గా తలకిందులు. విలేకరి కాపీలో 'నేను' కనబడితే మొదట దాన్ని కొట్టేస్తాం. అయినా ఆయన చెప్పింది అర్థమైంది. నా భుజం కూడా ఒకసారి తడుముకున్నాను, ఆయన చూడలేదు.

కవిత మొత్తం ఇప్పుడు గుర్తు లేదు. మధ్యలో నీళ్ళ తొట్టి, మెడ గంటలు ఏవో ఉన్నాయి. మొదలూ చివరా మాత్రం గుర్తున్నాయి, గుర్తుండాల్సిన అవసరం తర్వాత వచ్చింది.

ఎద్దుల్ని అమ్మి వచ్చాను
పలుపులు రెండూ భుజాన వేసుకుని
ఇవి ఇంత బరువని ఇన్నాళ్ళూ తెలియలేదు

అని మొదలై, చివర ఇలా ముగుస్తుంది:

మా ఊళ్ళో ఏ కొట్టంలోనూ ఎద్దు లేదు, ఆవు లేదు
గడ్డివాము లేదు
గడ్డి అడిగే నోరూ లేదు
అని నాకు అనిపిస్తోంది
పక్కింటి ఎనుము అరుస్తూనే ఉంది
నాకే వినబడటం లేదు

ఎనుము అంటే గేదె. ఆ మాటను మార్చమంటారా అని టీచరు అడిగాడు. వద్దన్నాను. ఆ కవితలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

వార్త రాసే పద్ధతి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వార్తలో ముఖ్యమైనది మొదటి పేరాలో పెడతాం, తక్కువ ముఖ్యమైనది కిందికి పోతుంది. చోటు చాలకపోతే కింది నుంచి కోస్తాం. ఎంత కోసినా ముఖ్యమైనది పైన మిగులుతుంది. ఇరవై ఏళ్ళు ఆ పని చేసినవాడి చేతికి కళ్ళు అక్కర్లేదు. కత్తెర తనే కిందికి పోతుంది.

కవులు ముఖ్యమైనది కింద పెడతారు. అది నాకు తెలియని విషయమేమీ కాదు. టీచరు వెళ్ళేముందు ఆ మాట చెప్పాడు కూడా. "కడాకు మూడు లైన్లు జాగ్రత్తన్నా. పైనంతా అతిశయోక్తి. కింద ఆయప్ప బతుకుండాది." నేను తల ఊపాను.

ఆ వారం కవిత్వం పేజీలోకి పెద్ద ప్రకటన వచ్చింది. ప్రకటన వస్తే కవిత్వం పక్కకు జరుగుతుంది, దానిలో ఎవరికీ అభిప్రాయ భేదం లేదు. మిగతా కవితల్ని వచ్చే వారానికి ఆపి, దీన్ని మాత్రం ఆపబుద్ధి కాక, మండలం వార్తలుండే పేజీలో ఒక బాక్స్‌లో పెట్టమన్నాను. వరుసలు పొట్టిగా ఉంటే చోటు వృథా అని అన్నీ కలిపేశాను. కలిపినా ఇంకా కొంత ఎక్కువైంది. కింది నుంచి కోశాను. చివరి మూడు వరుసలూ, వాటి కింద ఉన్న టీచరు పేరూ పోయాయి. పేరు పక్కన ఉన్న ఊరి పేరు మాత్రం మిగిలింది, పేజీలు పెట్టే ఆయన వార్తల అలవాటు ప్రకారం దాన్ని ముందుకు తెచ్చి చుక్క పెట్టాడు. పైన 'ఖాళీ కొట్టం' అని శీర్షిక. అచ్చయ్యాక చూస్తే బాగానే ఉందనిపించింది. వార్తలా ఉంది.

పది రోజుల తర్వాత టీచరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"నన్ను ఊళ్ళో తిరగనీలేదన్నా," అన్నాడు.

విషయం ఇది. పత్రికలో ఊరి కష్టాల గురించి ఏదైనా వస్తే పై ఆఫీసులో దాన్ని కత్తిరించి, తెల్లకాగితం మీద అంటించి, 'విచారించి నివేదిక పంపండి' అని రాసి మండలానికి పంపుతారు. మా కవితను కూడా అలాగే పంపారు. మండలం నుంచి 'నిజమే' అని నివేదిక వెళ్ళింది. ఆ నెల కరువు ఊళ్ళకు పశువుల మేత లారీల్లో వస్తోంది. నివేదిక చూసి జాబితాలోంచి ఆ ఊరి పేరు కొట్టేశారు. పశువులు లేని ఊరికి గడ్డి ఎందుకు?

ఊళ్ళో పశువులు ఉన్నాయి. గడ్డి లేదు. ఇంకొక వారం గడ్డి రాకపోతే మిగిలినవాళ్ళూ పలుపులు భుజాన వేసుకోవాల్సిందే.

"అందరికంటే మా పక్కింటామెతో కష్టమన్నా," అన్నాడు టీచరు. "ఆమెకు ఉండేది ఒకటే ఎనుము. పాలు కేంద్రానికి పోస్తాది. పొద్దున లేస్తే నా వాకిట్లో ఎనుమును తెచ్చి నిలబెడతాది. 'చూడప్పా అయ్యవారూ, బాగా చూడు, ఉండాదా ల్యాదా' అంటాది. నేను ఉండాదమ్మా అంటే తోలుకొని పోతాది. మళ్ళా రేపు తెస్తాది."

మరునాడు ఇద్దరం కలిసి మండలాఫీసుకు పోయాం. నివేదిక రాసింది అక్కడి ఆర్ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. మర్యాదస్తుడు. టీ తెప్పించి ఫైలు చూపించాడు. మా బాక్స్ అంటించిన కాగితం కింద, 'పత్రికలో వచ్చిన విషయం వాస్తవమే. సదరు గ్రామములో పశువులు లేవు. గడ్డి అడిగేవారు కూడా లేనందున మేత అవసరం లేదని మనవి' అని ఉంది. గడ్డి అడిగే నోరు ఎక్కడికీ పోలేదు, కాస్త సర్కారు భాషలోకి మారిందంతే.

"ఊరికి పోయి చూడలేదా సార్?" అన్నాను.

"ఎన్ని ఊళ్ళని పోవల్ల సార్? ఆ వారం అన్నీ కటింగులే." ఆయన టీ పక్కన పెట్టాడు. "మామూలుగా మీ పేపర్లో వచ్చింది అబద్ధమని రాస్తాం, మీరు మమ్మల్ని తిడతారు. ఈసారి నిజమేనని రాసినాను. దానికీ తప్పంటే ఇంకెట్ల రాయల్ల?"

"అది కవిత సార్," అన్నాడు టీచరు.

ఆర్ఐ కాగితాన్ని తిప్పి మాకు చూపించాడు. "కవితయితే లైన్లు పొట్టిగా ఉంటాయి కదప్పా. మా పాప పుస్తకంలో చూసినాను. ఇది ఈ గోడ నుంచి ఆ గోడకుండాది. ఊరి పేరు ముందరుండాది. రాసినోళ్ళ పేరు ల్యాదు. కవితని నాకెట్ల తెలుస్తాది?"

టీచరు నా వైపు చూశాడు. టీ చల్లారకముందే తాగడం మంచిదని నేను తాగాను.

చివరి మూడు వరుసలు మళ్ళీ వేస్తే సరిపోతుంది కదా అని టీచరు అడిగాడు. జేబులోంచి కాగితం తీసి చదివాడు కూడా. ఆర్ఐ శ్రద్ధగా విన్నాడు.

"బాగుండాది," అన్నాడు. "కానీ 'అనిపిస్తోంది' అంటే నేను పైకి ఏమని రాయల్ల? ఎవరికి అనిపించింది, యాల అనిపించింది అంటారు. అనిపించిందీ వినబడిందీ వద్దు సార్. ఏ కొట్టంలో ఏముండాదో ఆ మాట రాయండి. పేపర్లో పోయింది కాబట్టి పేపర్లోనే రావల్ల. శనివారం లోపల వస్తే ఆ కటింగు అంటించి జాబితాలో కలుపుతా."

అది బుధవారం. అక్కణ్ణుంచి ఆటోలో ఊరికి పోయాం.

టీచరు మధ్యాహ్నం బడికి సెలవిచ్చాడు. వసారాలో నేలమీద ఊరు కూర్చుంది. నన్ను పత్రిక మనిషినని పరిచయం చేయగానే ముందు వరుసలో ఒకామె లేచింది. పక్కింటామె ఈమేనని చెప్పక్కర్లేకపోయింది, వసారా స్తంభానికి ఎనుము కట్టేసి ఉంది.

"ఏమన్నా, నా ఎనుము ల్యాదని అచ్చు కొట్టించినావంట?"

"నేను కాదమ్మా..." అన్నాడు టీచరు అలవాటుగా.

"నువ్వుండప్పా. నువ్వు రాసినావు, ఈయప్ప కొట్టినాడు. ఇద్దరికీ కండ్లుండాయి."

ఆ కింద ఇంకా మూడు వరుసలున్నాయని, వాటిలో ఆమె ఎనుము ఉందని, వాటిని కోసేసింది నేనేనని చెప్పాను. పత్రికలో ఉన్నన్ని రోజుల్లో అంతమంది ముందు అలాంటి మాట చెప్పడం అదే మొదటిసారి.

"ఏముండాయి వాటిల్లో? చదువు."

టీచరు చదివాడు. పక్కింటి ఎనుము అరుస్తూనే ఉంది, నాకే వినబడటం లేదు. ఆమె గోడవారగా కూర్చున్న ఒక ముసలాయన వైపు తిరిగింది. ఆయన తలగుడ్డ తీసి మోకాలి మీద మడత పెడుతున్నాడు. ఎద్దుల్ని అమ్మింది ఆయనే.

"దాని అరుపు చెరువు కట్ట దాకా వినబడతాది కదా మామా," అంది.

"అయితే అయింటాదిలేమ్మా," అన్నాడాయన.

ఆమె వచ్చి కూర్చుంది.

జాబితా మొదలైంది. టీచరు రాస్తున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కరే తమ కొట్టంలో ఏముందో చెప్పాలి. మా ఆఫీసులో అంత నిక్కచ్చిగా కాపీ రాయడం నేను చూడలేదు.

"ఒక జత ఎద్దులు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది."

"ఎర్రదానికి ఎడమ కొమ్ము వంకరని కూడా రాయించు, ల్యాకుంటే ఎవురి ఎర్రదో అనుకుంటారు."

"ఒక ఆవు, వట్టిపోయింది. పెయ్యదూడ ఒకటి."

"నాకు మేకలుండాయి, రాయన్నా."

"మేకలకు గడ్డి ఎవురిస్తారప్పా? అవి నీ పైపంచె కూడా తింటాయి."

"ఒక ఎద్దు."

"యాడిదిరా ఎద్దు? ఉగాదికి ముందే చచ్చిపోలా?"

"చచ్చిపోయిండేది కుడిపక్కది. ఎడమపక్కది ఉండాది. అది ఒక్కటే కాబట్టే ఒక ఎద్దన్నాను."

టీచరు అంతా రాశాడు. పక్కింటామె వంతు వచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎనుము ఒకటి అని ఆమె చెప్పింది. ఆయన రాయడం ఎంతకూ ఆపకపోయేసరికి ఆమె లేచి, "ఏమి రాస్తాండావు అంత పొడుగు?" అని అడిగింది. ఆయన చదివాడు. నుదుట చంద్రవంక లాంటి మచ్చ.

"చంద్రవంక తీసెయ్," అంది. "నువ్వు ఆ మాదిరి రాస్తేనే అది ల్యాకుండా పోయింది."

చంద్రవంకను కొట్టేశాడు. నిజానికి ఆ మచ్చ చంద్రవంకలాగే ఉంది. నేను కూడా చూశాను. చెప్పలేదు.

చివరికి ముసలాయన మిగిలాడు. వసారాలో ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఎర్రెద్దు రైతు అన్నాడు:

"నీ జత కూడా రాయించు మామా. ఎవురు వచ్చి చూస్తారు? వచ్చే గడ్డి వస్తాది, అందరం పంచుకుందాము."

చాలామంది అవునన్నారు. ఉన్న పశువుల్ని మునుపు లేవని రాశాక, ఇప్పుడు లేని రెండింటిని ఉన్నాయని రాస్తే లెక్క సరిపోతుందని ఒకాయన వాదించాడు. ఆ వాదనలో న్యాయం ఉంది. టీచరు పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూశాడు. లేని ఎద్దుల్ని పత్రికలో వెయ్యలేనని నేనే చెప్పాలి. ఉన్న పశువుల్ని కోసినవాణ్ణి, ఏ ముఖంతో చెప్పాలి?

ముసలాయన తలగుడ్డ చుట్టుకుని లేచాడు.

"వద్దప్పా. ఉండేవి రాయండి," అన్నాడు. "ల్యానివి అయ్యవారు ముందే రాసినాడు కదా."

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆ జాబితాను 'పశువులు ఉన్నాయి' అనే శీర్షికతో పెట్టాను. ఊరి పేరు ముందు, చుక్క, తర్వాత ఒక్కొక్క కొట్టం. ఎడమ కొమ్ము వంకర కూడా ఉంది. చివర ఒక వాక్యం: 'ఒక కొట్టం ఖాళీగా ఉంది.' దాని కింద, పొట్టి వరుసలుగానే, కోసేసిన ఆ మూడు వరుసలు, టీచరు పేరు. చోటు రెండు అంగుళాలు ఎక్కువైంది. పేజీలు పెట్టే ఆయన కింది నుంచి మొదలుపెట్టబోతే, పై నుంచి కొయ్యమన్నాను. పైన ఏముందని అడిగాడు. ఒక మంత్రి పర్యటన వార్త ఉంది. అది కోశాం. పేజీ పోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

శనివారం ఆర్ఐ కత్తిరించి అంటించాడు. ఆ తర్వాతి వారం లారీ వచ్చింది. దాని గురించి నాలుగు ముక్కలు వార్త రాయడానికి నేనే పోయాను, విలేకరిని పంపలేదు.

స్కూలు ముందర గడ్డి దించుతున్నారు. జాబితాలో తన పశువులు లేకపోయినా ముసలాయన కూడా వచ్చి లారీ పైనుంచి మోపులు అందిస్తున్నాడు. పక్కింటామె తన వాటా తలకెత్తుకుంటే మోపు విడిపోయింది. ఆమె గడ్డిని పోగుచేస్తుంటే ముసలాయన కిందికి దిగి ఇంటికి పోయాడు. వచ్చేటప్పుడు ఆయన భుజాన రెండు పలుపులున్నాయి. రెండూ ముడివేసి, మోపు చుట్టూ తిప్పి, మోకాలు ఆనించి బిగించాడు.

"ఇప్పుడు ఎత్తుకోమ్మా. ఊడదు."

"తాళ్ళు రేపు తెచ్చిస్తాను మామా."

"ఉండనీలే," అన్నాడాయన. "నీ ఎనుము రేపు కూడా తినల్ల కదా."

టీచరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. హాజరు పట్టీ పెన్ను కాదు, రెండోది తీశాడు. రాసేదేదో పొట్టిగా రాయమని నేను చెప్పబోతుండగానే, మోపు కింద నుంచి తల తిప్పకుండానే ఆమె అంది:

"ఏమి రాసుకుంటాండావు అయ్యవారూ? ముందు ఎనుము ఉండాదని రాయి. తర్వాత ఏమన్నా రాసుకో."